తరగతి నిండా సున్నాలు

పోయిన వారం మనం కొత్త కోడల్ని స్టాఫ్‌రూమ్ గుమ్మంలో వదిలి వచ్చాం. ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో బిస్కట్. ఆ బిస్కట్ టీలో మునిగి, మెత్తబడి, కప్పు అడుక్కి జారిపోయినా ఆమె చూసుకోలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు వచ్చి, "మీ ఆటల పరీక్ష ఫలితాలు వచ్చాయమ్మా. ఒకసారి మీ గదికి రండి. పెద్ద మేడమ్‌ని కూడా పిలిచాను" అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. కోడల్ని భయపెట్టింది ఆ జాలే.

పెద్ద మేడమ్ అంటే ఆ బడిలో లెక్కలకు పెద్ద దిక్కు. మన కోడలికి స్వయానా అత్తగారు. పెళ్ళయిన కొత్తలోనే అదే బడిలో, అదే లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరిన కోడలికీ, ఆవిడకీ మధ్య ఒక ఒప్పందం ఉంది. గేటు బయట 'అత్తయ్యా', గేటు లోపల 'మేడమ్'. గేటు బయట 'అమ్మాయ్', గేటు లోపల 'టీచర్'. కోడలికి ఈ ఆట ఎంత ఇష్టమో చెప్పలేం. రోజూ పొద్దున్నే స్కూటరు దిగి, కావాలని గేటు గీత మీద నిలబడి, "అత్తయ్యా, మీ కళ్ళజోడు..." అని మొదలుపెట్టి, ఒక్క అడుగు లోపలికి వేసి, "...నా సంచిలో ఉంది మేడమ్" అని పూర్తిచేస్తుంది. అత్తగారు నవ్వరు. నవ్వకుండా ఉండటానికి ఆవిడ పడే కష్టం మాత్రం కోడలి కంటపడుతూనే ఉంటుంది.

ఇక ఆటల సంగతి. ఈ ఏడాది ఐదో తరగతికి ట్యాబులు వచ్చాయి, ఒక్కో పిల్లకీ ఒక్కో హెడ్‌ఫోన్ సహా. వాటితో పాఠం చెబుతానని పంతంపట్టి ముందుకొచ్చింది కోడలొక్కతే. సాయంత్రాలు ఇంట్లో భోజనాల బల్ల మీద, భర్తా తనూ పక్కపక్కన కూర్చుని, 'వంతెన' అని ఒక ఆట తయారుచేశారు. కాలవ మీద వంతెన, మధ్యలో ఖాళీ. సగం దాకా చెక్కలున్నాయి, ఇంకో ఎనిమిదో వంతు కూడా ఉంది. మిగిలిన ఖాళీకి ఏ ముక్క సరిపోతుంది? కింద నాలుగు ముక్కలుంటాయి, ఒకటే సరైనది. అది నొక్కితే ముక్క వెళ్ళి టక్కున కూర్చుంటుంది, ఎడ్లబండి గంటలు మోగిస్తూ వంతెన దాటుతుంది. తప్పు ముక్క నొక్కితే ఎర్రటి అడ్డగీత వస్తుంది. లెక్కలు ఆమెవి, చప్పుళ్ళు ఆయనవి. ఆయన పని రికార్డింగ్ స్టూడియోలో. తలుపు కిర్రుమన్నా, చెంచా కింద పడినా, అరటిపండు వలిచినా చెవిదగ్గర మైకు పెట్టి పోగుచేసుకునే మనిషి.

"తప్పు నొక్కితే ఏం చప్పుడు పెట్టావు?" అని అడిగింది ఆమె అప్పట్లో.

"ఏదో చిన్నది పెట్టాన్లే టీచరమ్మా" అన్నాడాయన, పెదవి కొరుక్కుంటూ.

ఆ పెదవి కొరుక్కోవడం చూసి ముచ్చటపడింది తప్ప, అనుమానపడలేదు. కొత్త పెళ్ళికూతుళ్ళకు ఉండే జబ్బే ఇది.

ఈ ట్యాబులు ఐదో తరగతిలోనే ఉండాలా, పక్క బ్రాంచికి పంపేయాలా అన్నది, ఆ ఆటతోనే పెట్టిన ఈ పరీక్షతో తేలిపోతుంది. సరే, పదండి, ఆమె వెనకే గదిలోకి వెళ్దాం.

* * *

గదిలోకి వెళ్ళగానే ముందు కనిపించినవి బల్ల పక్కన పేర్చిన అట్టపెట్టెలు. ట్యాబులు సర్దడానికి మూతలు కూడా తెరిచిపెట్టారు.

పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. అంత బుద్ధిగా కూర్చున్నారంటేనే ఏదో చేశారన్నమాట. గోడ మీది పెద్ద తెర మీద పరీక్ష ఫలితాలు వెలుగుతున్నాయి. పేరు పక్కన సున్నా. దాని కింద పేరు పక్కన సున్నా. మళ్ళీ సున్నా. పై నుంచి కింది దాకా కోడిగుడ్లు పేర్చిన అట్టలాగా ఉంది తెర.

అడుగున ఒక్క పేరు పక్కన మాత్రం పూర్తి మార్కులు. అది గువ్వది.

గువ్వ అంటే కిటికీ పక్కన ఆఖరి బల్లలో కూర్చునే పిల్ల. రెప్పవేయకుండా ఎదుటివాళ్ళ ముఖాల్లోకి చూస్తుందని తోటి పిల్లలు గుడ్లగూబ అని పేరు పెట్టారు. ఆ పేరులోంచి ముల్లు తీసేసి 'గువ్వ' చేసింది కోడలు. ఆ పిల్ల పలకరిస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. "పిలిస్తే తల తిప్పదు, అంత పొగరేమిటో" అని అత్తగారు అన్నం తింటూ చాలాసార్లు విసుక్కున్నారు.

"నా ఉద్దేశం ఏంటంటేనమ్మా" హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఏ మాటైనా అలాగే మొదలుపెడతారాయన. "బాగా చదివే పిల్లలకి సున్నాలా! ఏ ప్రశ్నకీ చెయ్యెత్తని పిల్లకి పూర్తి మార్కులా! అయితే ఆ యంత్రానికన్నా పిచ్చెక్కుండాలి, పిల్లలకన్నా చదువు పోయుండాలి. రెంటిలో ఏదైనా మనకి నష్టమే కదా. మీరు కష్టపడ్డారు, కాదనను. కానీ..." ఆయన అట్టపెట్టెల వైపు చూశారు. "పెద్ద మేడమ్ కూడా సరే అంటే, ఈ సాయంత్రమే సర్దించేస్తాను."

కోడలు అత్తగారి వైపు చూడలేకపోయింది. "వేలితో తోస్తే లెక్కలు రావు, తలతో తొయ్యాలి" అని మొదటిరోజే అందరి ముందూ అన్న మనిషి ఆవిడ. సుద్దముక్క తప్ప ఇంకో పనిముట్టు ముట్టనివారు. బోర్డు వైపు తిరిగి రాసుకుంటూనే నోటి లెక్కలు అడుగుతారు, పిల్లలు వెనకనుంచి జవాబులు చెబుతారు. ఇన్నేళ్ళుగా అదే పద్ధతి. ఇవాళ ఆవిడ నోటి నుంచి "నేను ముందే చెప్పాను కదా" అన్న మాట వస్తే, సాయంత్రం అదే స్కూటరు మీద ఆవిడ వెనక ఎలా కూర్చోవాలి?

అత్తగారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తెర దగ్గరికి నడిచారు. పై సున్నా నుంచి కింది సున్నా దాకా, బట్టల కొట్లో చీర నేత పరీక్షించినట్టు, మెల్లిగా చూసుకుంటూ వెళ్ళారు.

"ప్రశ్నకి ఎన్ని జవాబులిచ్చావు టీచర్?"

"నాలుగు మేడమ్. ఒకటి రైటు."

"ఊఁ" అన్నారావిడ. ఆ 'ఊఁ' కోడలికి తెలుసు. ఇంట్లో గళ్ళనుడికట్టులో చిక్కుపడ్డ మాట దొరికినప్పుడు ఆవిడ నోట వచ్చే 'ఊఁ' అది. "హెడ్మాస్టారూ, ఆ ట్యాబు తీసుకోండి. కళ్ళు మూసుకోండి. మీ ఇష్టం వచ్చినచోట నొక్కండి."

"నేనా? నాకు లెక్కలు..."

"లెక్కలు చెయ్యమనట్లేదు. ఊరికే నొక్కమంటున్నాను."

హెడ్మాస్టారు హెడ్‌ఫోన్ తీగతో సహా ట్యాబు తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వేడి పెనం ముట్టుకున్నట్టు వేలితో పొడవడం మొదలుపెట్టారు. ఎర్రగీత. ఎర్రగీత. మళ్ళీ ఎర్రగీత. అంతలో ఎడ్లబండి వంతెన దాటింది, 'బండి! బండి!' అని ముందు బల్ల పిల్లలు అరిచారు.

"వచ్చింది! నాకు వచ్చింది!" ఆయన కళ్ళు తెరిచి పిల్లల వైపు చూశారు, పతకం గెలిచినవాడిలాగా. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయనకు ఆపబుద్ధి కాలేదు. ఇంకాసేపు పొడిచారు, ఇంకోసారి బండి దాటింది.

"చాలు" అన్నారు అత్తగారు. "చూశారా? ఏమీ తెలియకుండా, కళ్ళు మూసుకుని నొక్కిన మీకే అప్పుడప్పుడూ బండి దాటింది. అరకొరగా తెలిసిన పిల్లకైతే ఇంకా ఎక్కువ రావాలి. మరి పరీక్ష మొత్తంలో, ఇంతమంది పిల్లల్లో, ఒక్కడికి కూడా పొరపాటున ఒక్క రైటు ఎందుకు రాలేదు?"

హెడ్మాస్టారు ట్యాబు బల్ల మీద పెట్టేశారు.

"ప్రతి ప్రశ్నకీ తప్పే నొక్కాలంటే, ఏది రైటో ముందు తెలియాలి. ఒకటో రెండో తెలియకపోయినా, ఇంతమందిలో ఎవరికో ఒకరికి రైటు తగిలి తీరుతుంది." ఆవిడ తెర మీద వేలితో తట్టారు. "ఇవి సున్నాలు కావండీ. ఇంత శుభ్రమైన సున్నా తెచ్చుకోవాలంటే పాఠం మొత్తం రావాలి. నా సర్వీసులో ఏ తరగతికీ ఇన్ని నూటికి నూర్లు రాలేదు."

కోడలు మళ్ళీ తెర వైపు చూసింది. ఆ మాట తనకి ఎందుకు తట్టలేదు! తన పిల్లలు, తన లెక్కలు, తన వంతెన. అయినా అవి సున్నాలు కావని కనిపెట్టింది మాత్రం ఆటని వద్దన్న మనిషి.

అత్తగారు సుద్దముక్క తీసుకుని, అలవాటుగా బోర్డు వైపు తిరిగిపోయారు. "మూడింట రెండు పెద్దదా, ఐదింట మూడు పెద్దదా?"

"మూడింట రెండు!" గది కప్పు ఎగిరింది.

"ఎంత పెద్దది?"

కాస్త గుసగుస. తర్వాత చేతులు లేచాయి, ఒకటీ అరా కాదు, మొక్కజొన్న చేనులా. "పదిహేనో వంతు మేడమ్!"

"ఐదో తరగతి!" హెడ్మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నాకే రాదు కదా!"

మరి కోడలి సంగతా? ముఖం దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. సంతోషంతో ఏడిస్తే కాటుక చెదురుతుందని బెంగ. తిరిగినప్పుడే గువ్వ కనిపించింది. అందరి చేతులూ పైకి లేచాయి. గువ్వ మాత్రం అటూ ఇటూ చూసి, ఎందుకో తెలియనట్టు, ఆలస్యంగా చెయ్యెత్తి, అందరూ దించాక దించింది.

* * *

"బాగానే ఉంది" అన్నారు అత్తగారు, ఇటు తిరిగి. "అన్నీ వచ్చు. మరి అన్నీ తప్పులెందుకు నొక్కారు? ఎవరు చెప్తారు?"

ఆ తరగతిలో నిశ్శబ్దాన్ని ఎక్కువసేపు మోయలేని పిల్లొకతె ఉంది. నిద్రలో కూడా మాట్లాడుతుందని వాళ్ళమ్మే చెప్పడంతో దానికి రేడియో అని పేరు స్థిరపడింది.

"రైటు నొక్కితే ఉత్త గంటలే మేడమ్" అంది రేడియో. "తప్పు నొక్కితే... తప్పు నొక్కితే చాలా బాగుంటుంది."

"ఏం బాగుంటుంది?"

"ఒక్క తప్పుకైతే కొంచెమే వస్తుంది. వరసగా తప్పు చేస్తూ పోతే పెద్దది వస్తుంది. మధ్యలో ఒక్క రైటు పడితే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే మేమందరం ఒట్టు పెట్టుకున్నాం. ఎవరూ రైటు చెయ్యకూడదు, అందరూ ఆఖరిది వినాల్సిందే అని."

కోడలు అయోమయంగా చూసింది. ఏం పెద్దది? ఏం ఆఖరిది? ఆట పిల్లల చేతికి ఇచ్చేముందు మొదటి నుంచి చివరిదాకా తనే ఆడి చూసింది. అత్తగారూ ఆడి చూశారు, వంకలు వెతకడానికి. గంటలు తప్ప ఇంకేమీ వినబడలేదే! అప్పుడు తట్టింది. ఇంట్లో ఉన్నది ఇద్దరూ లెక్కల టీచర్లు. ఆడినన్నిసార్లూ ఇద్దరూ రైటే నొక్కారు. తప్పు నొక్కి చూద్దామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. పిల్లలేమో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడతారు. వాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటుంటే, పాఠం మీద ఇష్టంతో అనుకుని మురిసిపోయింది తను.

"హెడ్‌ఫోన్ పీకి పెట్టు" అన్నారు అత్తగారు.

"మేడమ్, వద్దు మేడమ్..."

"పెట్టు."

రేడియో హెడ్‌ఫోన్ పీకేసి, దేవుడా అన్నట్టు చూసి, తప్పు ముక్క నొక్కింది.

"అయ్యయ్యో!" అంది ట్యాబు.

గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన గొంతు అది. రేడియో మళ్ళీ నొక్కింది.

"మళ్ళీ అదే పనా? నా తల తినడానికే పుట్టావురా నువ్వు!"

హెడ్మాస్టారు ఉలిక్కిపడి పక్కకి జరిగారు. అత్తగారి నోరు మూసే ఉంది. అయినా ఆవిడ గొంతు ట్యాబులోంచి గది నాలుగు మూలలకీ పోతోంది. కోడలి చెవులు వేడెక్కాయి. పెదవి కొరుక్కున్న ముఖం కళ్ళముందు కదిలింది. 'ఇంటికి రా, నీ పని చెప్తా' అనుకుంది. అంతలోనే నవ్వు తన్నుకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేడియో వేలు ఆగలేదు. ఆఖరి తప్పు. గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు.

"తడి తువ్వాలు మంచం మీద! మళ్ళీ మంచం మీదే! పెళ్ళయినా బుద్ధి రాలేదు కదరా నీకు. ఆ పిల్ల నీలో ఏం చూసి ఒప్పుకుందో ఆ పిల్లకే తెలియాలి. అది పాఠం చెప్తుంటే ఎప్పుడైనా విన్నావా? నేను వరండాలో స్తంభం పక్కన నిలబడి వింటాను, దానికి తెలియకుండా. ఎంత ముచ్చటగా చెప్తుందనుకున్నావు! అలా చెప్పడం నాకు కూడా రాదు. అంత బంగారంలాంటి పిల్ల మనింటికొస్తే..."

ఇక్కడ తరగతి మొత్తం, ప్రార్థన చదివినట్టు, గొంతు కలిపింది.

"...దాని దిండు మీద తడి తువ్వాలు వేస్తావా?"

గది పగిలిపోయేలా నవ్వులు. హెడ్మాస్టారు అట్టపెట్టె మీద కూలబడ్డారు, దాని మూత లోపలికి పోయింది, ఆయనా సగం పోయారు. ఇద్దరు పిల్లలు చెరో చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

కోడలు మాత్రం నవ్వడం మర్చిపోయింది. వరండాలో స్తంభం పక్కన. తనకి తెలియకుండా. ఇన్నాళ్ళూ 'పరవాలేదు' అన్న మాటకి మించి ఒక్క మెచ్చుకోలు దక్కలేదని, రోజూ భర్త భుజం మీద తలపెట్టి సణుగుతూనే ఉంది తను. ఆయన జవాబు చెప్పకుండా ఆటలో దాచి పెట్టాడా! తప్పు మీద తప్పు చేస్తే తప్ప దొరకనిచోట!

"మేడమ్..." అంది, ఒక అడుగు ముందుకేసి.

"ఆ గొంతు నాదే. అయితే ఏంటట?" అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. "మీ ఆయనకి చెప్పు, ఇవాళ ఇంటికి వచ్చాక నాతో మాట్లాడమని. తువ్వాలు ఆరేసి రమ్మను. ఇక నువ్వు విన్న ఆఖరి మాటలున్నాయే, వాటిని ఇక్కడే మర్చిపో."

"మర్చిపోను మేడమ్."

"మొండి" అన్నారావిడ. పెదవి చివర ఏదో మెరిసింది. అది నవ్వే అని ఒట్టేసి చెప్పగలదు కోడలు.

హెడ్మాస్టారు ప్యాంటు దులుపుకున్నారు. "నా ఉద్దేశం ఏంటంటే, ఈ పెట్టె ఎలాగూ చితికిపోయింది కాబట్టి, ట్యాబులు ఇక్కడే ఉంటే మంచిది. కాకపోతే ఆ గంటలూ ఆ తిట్లూ అటూ ఇటూ మార్చండి. రైటు చేసినవాళ్ళకే తిట్లు వినబడాలి."

పిల్లలు బల్లలు చరిచారు. కోడలికి ఆ గది, ఆ తెర, ఆ చితికిన అట్టపెట్టె, కిటికీలోంచి పడుతున్న ఎండ, అన్నీ తనవే అనిపించాయి. సాయంత్రం స్కూటరు మీద అత్తగారి నడుం గట్టిగా పట్టుకుని కూర్చోవాలనుకుంది. 'పడిపోతానని భయం' అంటే సరి.

* * *

"ఒక్క చిన్న సంగతి" అన్నారు హెడ్మాస్టారు, వెళ్ళబోతూ ఆగి. "మరి ఆ ఒక్క పిల్ల రైటెందుకు నొక్కినట్టు?"

"గువ్వకి సరదా తెలీదు సార్" అంది రేడియో. "ఒట్టు పెట్టుకుందాం రా అన్నా వినిపించుకోలేదు. ఆఖరిది చాలా బాగుంటుందే అని ఎన్నిసార్లు చెప్పినా, ఊరికే మా మొహాల్లోకి చూసింది."

కోడలు గువ్వ వైపు చూసింది. గది ఇంకా నవ్వుతోంది. గువ్వ కూడా నవ్వుతోంది. కానీ పక్కపిల్ల ముఖం చూసి, ఆ పిల్ల నవ్వు పెరిగాక తన నవ్వు పెంచుతోంది. పక్కపిల్ల ఆపగానే ఆపేసింది.

అందరూ పడిచచ్చే చప్పుడు ఆ పిల్లకి ఒక్కసారి కూడా ఆశపుట్టించలేదు. ఎర్రగీత అంటే ఆమెకి ఎర్రగీత మాత్రమే.

అత్తగారు కూడా అటే చూస్తున్నారు. ఆవిడ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. బోర్డు వైపు తిరిగి అడిగిన లెక్కలన్నీ, పలకని పిల్ల మీద విసుక్కున్న మాటలన్నీ ఆవిడ కళ్ళలో కదిలినట్టనిపించింది కోడలికి. ఆవిడ చప్పుడు కాకుండా నడిచి, గోడ పక్కగా వెళ్ళి, ఆఖరి బల్ల వెనక నిలబడ్డారు.

"గువ్వా" అని పిలిచారు. మామూలుగా.

ముందు బల్లల పిల్లలు కొందరు వెనక్కి తిరిగారు.

"గువ్వా!" ఈసారి బోర్డు దాకా వినబడింది. తరగతి మొత్తం తిరిగింది. హెడ్మాస్టారు తిరిగారు. ఒక్క తల మాత్రం తెర మీద తన పేరు పక్కన వెలుగుతున్న మార్కుల వైపే ఉంది. ఎంత గర్వంగా చూస్తోందో! చిన్న చేతులు బల్ల మీద కట్టుకుని, మెడ చాచి, ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు.

"అత్తయ్యా..." అంది కోడలు. గేటు లోపల అన్నానని ఆమె గమనించలేదు. అత్తగారూ సరిదిద్దలేదు.

అప్పుడు గువ్వకి తెలిసింది అందరూ తన వైపే చూస్తున్నారని. కంగారుగా చుట్టూ చూసి, ఆఖరికి తన టీచర్ ముఖం మీద కళ్ళు నిలిపింది. "నావన్నీ కరెక్టే కదా టీచర్?" అని అడిగింది మెల్లగా.

కోడలు తల ఊపింది. ఆ తర్వాత, గదికి ఈ చివర నుంచి ఆ చివరికి, గొంతులోంచి ఒక్క చప్పుడు కూడా రానివ్వకుండా, పెదవులు మాత్రం కదిపింది.

'నీకు వినబడదా, గువ్వా?'

టీచర్ పక్కనే ఉన్న రేడియోకి ఆ మాట వినబడలేదు. హెడ్మాస్టారికీ వినబడలేదు. గదిలో ఎవ్వరికీ వినబడని ఆ ప్రశ్న గువ్వకి చేరింది. ఆ పిల్ల ముఖంలోంచి గర్వం జారిపోయింది. లేచి, బల్లల మధ్యలోంచి పరుగున వచ్చి, టీచర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మా ఇంట్లో చెప్పొద్దు టీచర్. మా అమ్మకి తెలిస్తే, రేపటి నుంచి నన్ను బడికి పంపదు."